వీధి ప్రశ్నలు: ఫుట్‌పాత్ వేశారు, అయినా రోడ్డు మీదే నడక

ప్రశ్న: మా అమ్మ వీల్‌చైర్‌లో తిరుగుతుంది. ఈమధ్యే మా వీధిలో కొత్త ఫుట్‌పాత్ వేశారు. అయినా అమ్మను బయటికి తీసుకెళ్తే రోడ్డు మీదే తోసుకెళ్లాల్సి వస్తోంది. కాలనీ సంఘం మీటింగ్‌లో ఈ సంగతి అడగాలనుకుంటున్నాను. ‘ఫుట్‌పాత్ వేశాం కదా, ఇంకేం కావాలి?’ అంటారేమోనని టెన్షన్. ఏమని అడగాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ మాట అంటారమ్మా. అందుకే ‘ఫుట్‌పాత్ బాగోలేదు’ అని ఊరుకోకుండా, కుర్చీ ఎక్కడ ఆగిపోతోందో ఆ చోటు చూపించి అడగండి. నేను వీధుల డిజైన్ పనిలో ఉన్నదాన్ని. కొత్త ఫుట్‌పాత్ చూడమంటే ముందు అది ముగిసే చోటికే వెళ్తాను. పనిలో లోపం ఎక్కువగా అక్కడే బయటపడుతుంది.

ఫుట్‌పాత్ అంచు 15 సెంటీమీటర్ల ఎత్తుంటే, దిగే వాలు కనీసం 1.8 మీటర్ల పొడవుండాలి. ఎత్తుకు పన్నెండు రెట్ల పొడవు అన్నది చాలా దేశాలు పాటించే లెక్క. చోటు లేదని అర మీటరులోనే సిమెంటు ఏటవాలుగా పూసేస్తారు. దాని మీదకు కుర్చీ ఎక్కించాలంటే తోసేవాళ్ల భుజాలు పడిపోతాయి. దించేటప్పుడు కూర్చున్నవాళ్లు ముందుకు తూలతారు. వాలు రోడ్డును కలిసే చోట వేలెడు మెట్టు మిగిలినా కష్టమే. వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి కదా, అక్కడే ఇరుక్కుంటాయి. వాన నీళ్లు నిలిచేదీ అక్కడే, వాటి కింద గుంత ఎంతుందో తెలీదు. రోడ్డు అవతల కూడా ఇలాంటి వాలే ఉందో లేదో చూడండి. లేకపోతే అమ్మగారు రోడ్డు దాటాక ఎక్కడానికి దారుండదు.

ఇక గేట్లు. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం అన్నిటికన్నా ముఖ్యం. ప్రతి ఇంటి గేటు ముందూ కారు దిగడానికి ఫుట్‌పాత్‌ను కోసేస్తారు. కుర్చీ ప్రతిసారీ రోడ్డు వైపు ఒరుగుతుంది, తోసేవాళ్లు ఒక్క చేత్తో బలంగా ఆపుకోవాలి. జరగాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫుట్‌పాత్ ఎత్తు మారకుండా సాగిపోవాలి, అంచున ఉన్న చిన్న వాలు ఎక్కి కారు దాని మీదుగా వెళ్లాలి. అప్పుడు డ్రైవరూ నెమ్మదిస్తాడు. నీళ్లు పోవడానికి అడ్డంగా వాలు పెట్టాలంటే 50 సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు సరిపోతుంది.

స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన టేపు పెట్టి కొలవండి. 90 సెంటీమీటర్లు మిగిలితే ఒక కుర్చీ వెళ్తుంది. రెండు కుర్చీలు ఎదురుపడి దాటుకోవాలంటే 1.8 మీటర్లు కావాలి. కొలత కనిపించేలా ఫొటోలు తీసి మీటింగ్‌కి పట్టుకెళ్లండి. మీరు రోజూ వెళ్లే ఏదో ఒక్క దారి, బస్ స్టాప్ దాకానో పార్కు దాకానో తీసుకుని, అందులో తెగిన చోట్లన్నీ ముందు కలపమనండి. తలా ఒక ముక్క వేసుకుంటూ పోతే ఎవరికీ దారి దొరకదు. వీలైతే అమ్మగారినీ తీసుకెళ్లండి. ఎక్కడ భయమేస్తుందో ఆమె నోటితోనే చెప్పనివ్వండి.

ప్రశ్న: మెయిన్ రోడ్డు పక్కన సైకిళ్ల కోసం తెల్ల గీత గీశారు. మా అబ్బాయిని స్కూలుకి సైకిల్ మీద పంపొచ్చా?
– ఒక తండ్రి

జవాబు: గీత చూసి కాదు, పక్కన బళ్లు ఎంత వేగంతో పోతున్నాయో చూసి నిర్ణయించుకోండి. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఢీకొనే శక్తి, 30తో వచ్చే కారుకన్నా దాదాపు 2.8 రెట్లు ఎక్కువ. వేగం కొద్దిగా పెరిగినా దెబ్బ అంతకంతకూ పెరుగుతుంది. నడిచేవాళ్లు, సైకిళ్లు, బళ్లు కలిసి తిరిగే చోట వేగం 30 దాటకూడదని 2020లో రోడ్డు భద్రత మీద జరిగిన అంతర్జాతీయ సదస్సు స్టాక్‌హోమ్ ప్రకటనలో చెప్పింది కూడా ఇందుకే. లోపలి వీధుల్లో అంత వేగమే ఉంటే గీత లేకపోయినా పంపుతాను. మెయిన్ రోడ్డు మీదైతే గీత చాలదు, సైకిళ్లకూ బళ్లకూ మధ్య గట్టు కావాలి. ఆగిన కార్ల పక్కనే సైకిల్ దారి ఉంటే, తలుపు తెరిచినా తగలనంత ఎడం వదలాలి. గట్టు వేశాక కూడా జంక్షన్ దగ్గర దాన్ని వదిలేస్తే లాభం లేదు. పిల్లాడికి ప్రమాదం ఎక్కువగా ఉండేది మలుపు తిరిగే బళ్లతోనే. స్పెయిన్‌లోని సెవిల్ నగరం 2000ల మధ్యలో సుమారు 80 కిలోమీటర్ల సైకిల్ దారులను, అవి ఒకదానితో ఒకటి కలిసేలా, కొద్ది కాలంలోనే వేసింది. జనం సైకిళ్లెక్కారు. మీవాళ్లకీ ఆ ఉదాహరణ చెప్పండి.

ప్రశ్న: ఫుట్‌పాత్ మీద పసుపు రంగు బొడిపెల పలకలు ఎందుకు? మా దగ్గర అవి నేరుగా వెళ్లి కరెంటు స్తంభానికి తగులుతున్నాయి. తీయించెయ్యాలా?

జవాబు: వద్దు! అవి చూపు లేనివాళ్లకు దారి చూపేవి. జపాన్‌లో సెయిచి మియాకె 1965లో కనిపెడితే, 1967లో ఒకాయామాలో మొదటిసారి వేశారు. పొడవు గీతలుంటే ముందుకు సాగమని, గుండ్రటి బొడిపెలుంటే ఆగి చూసుకోమని అర్థం. కాలికీ కర్రకూ తెలుస్తాయి. మీ దగ్గర వేసినవాళ్లకు ఆ సంగతి తెలిసినట్టు లేదు. పలకలు తీయించకుండా, కర్ర ఊపుతూ నడిచేంత చోటు వదిలి, స్తంభం పక్కనుంచి దారి మళ్లించమని రాతపూర్వకంగా అడగండి. ఈలోగా వాటి మీద బైకులు పెట్టకుండా చూడటం మాత్రం ఇవాళ్టి నుంచే మీ వీధివాళ్లు చేయగలరు.