కాల్షియం నార్మలే అన్నారు.. మరి కిడ్నీలో రాళ్లెందుకు వస్తున్నాయి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 54 ఏళ్లు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మూడేళ్లలో రెండుసార్లు కిడ్నీలో రాళ్లు వచ్చాయి. ఎప్పుడూ నీరసం, కాళ్లు లాగేస్తుంటాయి. బీపీకి మాత్ర వాడుతున్నాను. పరీక్షల్లో కాల్షియం 10.4, అల్బుమిన్ 3.6, పారాథైరాయిడ్ హార్మోన్ 78, విటమిన్ డి 14 వచ్చాయి. కాల్షియం నార్మలే, ఏమీ లేదని ఒక డాక్టరు గారు, మెడకి స్కాన్ తీయించి ఆపరేషన్ చేయించుకోమని ఇంకొకరు అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

సలహా: ఇద్దరూ కాస్త తొందరపడ్డారమ్మా.

ముందు ఆ 10.4 సంగతి చూద్దాం. ల్యాబ్ కాగితం మీద పక్కన 8.5 నుంచి 10.5 అని ఉంటుంది కాబట్టి గీత దాటలేదు కదా అని వదిలేసి ఉంటారు. కానీ రక్తంలోని కాల్షియంలో సగానికి కాస్త తక్కువ భాగం అల్బుమిన్ అనే ప్రోటీన్‌ని పట్టుకుని తిరుగుతుంది, మీకేమో అల్బుమిన్ తక్కువగా ఉంది. అది 4 కి ఎంత తగ్గిందో చూసి, దాన్ని 0.8తో గుణించి కలిపితే మీ కాల్షియం 10.7 అవుతుంది. అంటే గీత దాటినట్టే. ఇదీ ఉజ్జాయింపు లెక్కే, అందుకని వీలైతే అయోనైజ్డ్ కాల్షియం (దేన్నీ పట్టుకోకుండా విడిగా తిరిగే కాల్షియం) పరీక్ష చేయించండి, రక్తం తీసిన వెంటనే చూడాల్సిన పరీక్ష కనుక కాకినాడలోనో రాజమండ్రిలోనో పెద్ద ల్యాబ్‌కి మీరే వెళ్లి ఇవ్వడం మంచిది.

ఇక హార్మోన్. మెడలో థైరాయిడ్ వెనకాల బియ్యపు గింజంత పారాథైరాయిడ్ గ్రంథులు నాలుగుంటాయి, పేరు కలిసినా థైరాయిడ్‌తో వాటి పనికి సంబంధం లేదు. రక్తంలో కాల్షియం తగ్గితే హార్మోన్ వదలాలి, పెరిగితే ఊరుకోవాలి. మీ కాల్షియం పైగీత దగ్గరున్నా ఊరుకోవడం లేదు, అదీ అనుమానం. సాధారణంగా 65 లోపు ఉండాలంటారు గానీ, ఇంత కాల్షియం మీద 50 వచ్చినా నేను అనుమానించేవాణ్ణే.

ఈ గ్రంథి అతిగా పనిచేసే జబ్బే (ప్రైమరీ హైపర్‌పారాథైరాయిడిజం) అయితే, రక్తంలో పెరిగిన కాల్షియం మూత్రంలోకి దిగి రాళ్లు కడుతుంది. అలాగని ఇప్పుడే ఆ పేరు పెట్టేయకూడదు. విటమిన్ డి 14 అంటే బాగా తక్కువ, అది తగ్గినా ఈ హార్మోన్ పెరుగుతుంది, కాకపోతే అప్పుడు కాల్షియం కింది వైపు ఉండాలి. మీ బీపీ మాత్ర అట్ట వెనక హైడ్రోక్లోరోథయజైడ్ అనో క్లోర్‌థాలిడోన్ అనో ఉందేమో చూడండి. ఇవి మూత్రంలో కాల్షియం పోనివ్వకుండా ఆపి రక్తంలో పెంచుతాయి, కానీ అప్పుడు హార్మోన్ తగ్గాలి. రెండూ కలిస్తే రిపోర్టు ఇలా గజిబిజిగా రావచ్చు. అందుకే డాక్టరు గారిని అడిగి మాత్ర మార్పించుకుని (మీ అంతట మీరు ఆపకండి), డి లోటు తీర్చుకుని, మూడు నెలల తర్వాత మళ్లీ చూడాలి. డి ఇవ్వాలి కదా అని ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ మాత్రం వేయించుకోవద్దు, మధ్యమధ్యలో కాల్షియం చూసుకుంటూ నెమ్మదిగా పెంచాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకుంటుంటే పరీక్షకి కొన్ని రోజుల ముందే ఆపండి, అది హార్మోన్ అంకెని తప్పుగా తగ్గించి చూపించొచ్చు.

స్కాన్ ఇప్పుడే వద్దు. జబ్బు ఉందో లేదో అది తేల్చదు, ఉందని తేలి ఆపరేషన్ చేయాలనుకున్నాక ఏ గ్రంథి పెరిగిందో చూసుకోవడానికి పనికొస్తుంది. నిజంగా ఈ జబ్బే అయితే, రాళ్లు వచ్చిన మీలాంటి వాళ్లకి ఆపరేషన్ మంచి దారే, కాదనను.

రాళ్లున్నాయని పాలు, పెరుగు మానేసి ఉంటారు, మళ్లీ మొదలుపెట్టండి. మానితే హార్మోన్ ఇంకా పెరుగుతుంది. అరటిదూట రసం తాగితే తాగండి, నాకేం అభ్యంతరం లేదు గానీ దాంతో ఈ గ్రంథులు దారికి రావు.

బీపీ మాత్ర మారి డి సరిపడా వచ్చాక 24 గంటల మూత్రంలో కాల్షియం కూడా చేయించాలి. అది మరీ తక్కువగా ఉంటే, ఆపరేషన్‌తో పని లేని వంశపారంపర్య సమస్య ఉందేమో చూడాలి. పొద్దున్న లేవగానే పోసింది పారబోసి, అక్కడి నుంచి మర్నాడు పొద్దున్న అదే టైముకి పోసేది కూడా కలుపుకుని మొత్తం క్యాన్‌లో పట్టాలి. మధ్యలో ఒక్కసారి మర్చిపోయినా ల్యాబ్‌కి ఇవ్వకండి, ఇంకో రోజు మొదటి నుంచీ పట్టండి.