“ఏలుడి” అన్న మాట, తాబేలు గుడ్లు

సహోదరా, వందనాలు. కావలి దగ్గరి మీ పల్లెలో సంఘపు యువకులు తీరాన తాబేలు గుడ్లు తవ్వి తెస్తున్నారనీ, వద్దంటే ఆదికాండము 1:28లో దేవుడే జీవులన్నిటిని ఏలుమన్నాడని బదులిస్తున్నారనీ వ్రాశారు.

ఆ వచనం దగ్గరే ఆగవద్దని వారితో చెప్పండి. తరువాతి అధ్యాయంలోనే, 2:15లో, నరుని తోటలో ఉంచినది దానిని సేద్యపరచుటకును కాచుటకును అని ఉన్నది. కాచేవాడు సొంతదారుడు కాడు, లెక్క అప్పగించవలసినవాడు. మీ సంగతికి మరీ దగ్గరిది ద్వితీయోపదేశకాండము 22:6–7. గుడ్లమీద గాని పిల్లలమీద గాని కూర్చున్న తల్లిపక్షిని పట్టుకొనరాదని అక్కడ ఆజ్ఞ. పిల్లలను తీసుకొనవచ్చునని కూడా అక్కడే ఉన్నది గనుక, ఎవరైనా అడిగితే దాచవద్దు. ఎంత తీసుకున్నా జాతి మిగలాలన్నదే అందులోని భావమని నా నమ్మకం. తాబేలు ఒక్కో గుంటలో సుమారు వంద గుడ్లు పెట్టినా, పిల్లల్లో పెద్దవయ్యేవి అతి కొద్ది. అలాంటప్పుడు గుంట మొత్తం తవ్వితే మిగిలేదేమిటి?

మన తీరాన గుడ్లు పెట్టే సముద్రపు తాబేలు, అంటే ఆలివ్ రిడ్లే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ గల జీవుల జాబితాలో, ఉన్నది. గుడ్లు తీయడం నేరమని కూడా వారికి తెలియాలి.

గుంట కనబడితే మీరు కదిలించక అటవీ శాఖ వారికి చెప్పండి. గుడ్లు పొదగడానికి 45 నుండి 60 రోజులు పడుతుంది. పిల్లలు రాత్రివేళ వెలుతురు వైపే నడుస్తాయి గనుక, సముద్రం వైపున్న మందిరపు దీపాలను ఆ రోజుల్లో ఆర్పించమని పాస్టరు గారిని అడగండి. కావలి కాసే పని ఆ యువకులకే అప్పగించండి.