ఇసుక ఎడారిలో జనం నీళ్లకు ఏం చేస్తారు?

‘ఇసుక తప్ప ఏమీ లేనిచోట మనుషులు నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు?’ అని అడిగారు. ఆ ఇసుకలోంచే తెచ్చుకుంటారు.

గాలిమరల పని మీద రాజస్థాన్‌లోని జైసల్మేర్ జిల్లా రామ్‌గఢ్ వైపు ఏడాదిన్నర ఉన్నాను. ఒంటెనెక్కి ఫొటోలు దిగే సమ్ దిబ్బలు చూసి ఎడారంతా అలాగే ఉంటుందనుకోకండి. చాలాచోట్ల గట్టి రాతినేల, పొదలు, సేవణ్ గడ్డి, నడుమ ఇసుక తిన్నెలు. 2011 జనగణన ప్రకారం ఆ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 17 మందే. రాత్రిపూట దూరాన ఒక్క దీపం కనిపిస్తే అది ఎవరి ఇల్లో మా డ్రైవర్ చెప్పేసేవాడు.

ఇక నీళ్లు. మా బసకు దగ్గర్లోని ఊళ్లో బేరీలు ఉండేవి. బేరీ అంటే ఒక మనిషి ముడుచుకుని కూర్చుని తవ్వగలిగినంత ఇరుకు బావి, పైన చెక్కమూత. అక్కడ ఇసుక కింద జిప్సం పొర ఉంటుంది. వాన తేమ ఇంకా లోతుకు దిగి ఉప్పునీటిలో కలిసిపోకుండా అది అడ్డుపడుతుంది. బేరీని ఆ పొర దాకానే తవ్వుతారు. చుట్టూ ఉన్న ఇసుకలోని తేమ చుక్కచుక్కగా ఊరుతూ బావి అడుగున చేరుతుంది. ‘ఇంకాస్త వెడల్పుగా తవ్వవచ్చు కదా’ అని నా ఇంజినీరు తెలివి చూపించాను. అక్కడి పెద్దాయన నవ్వాడు: ‘ఈ కాసిని నీళ్లు అంత మేర పరుచుకుంటే బొక్కెన ఎలా మునుగుతుంది సాబ్?’

ఆయన ఇంట్లో తిన్న కంచాలను ఇసుకతో తోమి, గుడ్డతో తుడిచి బోర్లించేవారు. మొదటిరోజు మొహం చిట్లించాను. నెల తిరగకుండా నేనూ అలాగే తోముకున్నాను. జిడ్డు ఇట్టే వదులుతుంది. ఇప్పుడు ఇందిరా గాంధీ కాలువ నీళ్లు వచ్చాక బేరీల పూడిక తీసేవాళ్లు తగ్గారు. కుళాయి రాని వారం మాత్రం అందరికీ బేరీయే గుర్తొచ్చేది.

తిండి గురించి ఒక్కమాట. మనం దసరాకు ఆకులు పంచుకునే జమ్మిచెట్టే అక్కడి ఖేజ్డీ. ఆకులు మేకలకు వేస్తారు. సాంగ్రీ అనే లేత కాయలను ఎండబెట్టి ఏడాది పొడవునా కూర వండుకుంటారు. వచ్చేటప్పుడు కిలో తెచ్చాను. ‘జమ్మికాయలు ఎవరైనా తింటారట్రా’ అని మా అమ్మ నానబెట్టనైనా లేదు. చివరికి నేనే వండాను. ఆవిడ రెండోసారి వడ్డించుకుంది.