గొంతు విరిగే చోట ఏం చేయాలి?

ప్రశ్న: ఐదు శ్రుతిలో (హార్మోనియంపై ఐదో తెల్లమెట్టు షడ్జంగా) పాడతాను. మధ్యస్థాయి పంచమం దాకా గొంతు నిండుగా వస్తుంది. ధైవతం, నిషాదం దగ్గర ఒక్కసారిగా విరిగి, తారషడ్జం (పై స) వేరే మనిషి పాడినట్టు సన్నగా పలుకుతోంది. గట్టిగా సాధకం చేస్తే అదే సర్దుకుంటుందంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: దయచేసి గట్టిగా పాడకండి. విరుపు సర్దుకోకపోగా ఇంకా ముదురుతుంది.

కింది స్వరాల్లో స్వరతంత్రుల లోపలి కండరం వాటిని పొట్టిగా, దళసరిగా ఉంచుతుంది. పైకి వెళ్లేకొద్దీ స్వరపేటిక ముందువైపున్న మరో కండరం వాటిని లాగి పలచన చేస్తుంది. మొదటిది కొంచెం కొంచెంగా వదులుతుంటే రెండోది అందుకోవాలి. మీరు మొదటిదాన్ని పంచమం దాకా బిగబట్టి ఉంచుతున్నారు. ఆపైన అది పట్టు తప్పుతోంది, గొంతు విరుగుతోంది. ఐదు శ్రుతిలో ధైవత నిషాదాలు సుమారు 310–370 హెర్ట్జ్ మధ్య పడతాయి. చాలామంది స్త్రీల గొంతు మారేది ఆ చుట్టుపక్కలే. కాబట్టి మీ గొంతులో లోపం ఉందనుకోవద్దు.

ముందు స్ట్రా సాధకం చేయండి. మామూలు కూల్‌డ్రింక్ స్ట్రాను గ్లాసు నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లు ముంచి, ఊకారం పలుకుతూ ఊదండి. మధ్యమం నుంచి తార రిషభం దాకా జారుగా వెళ్లి, అలాగే దిగండి. బుడగలు సమంగా రావాలి. నీళ్లు ఎగిసిపడితే గాలి ఎక్కువ తోస్తున్నట్టు, బుడగలు ఆగిపోతే గొంతు బిగిసినట్టు. స్ట్రా వల్ల గాలి కొంత వెనక్కి నెట్టి, తంత్రులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకోకుండా కాపాడుతుంది. ఐదు నిమిషాలు చాలు.

అసలు పని ఆ తర్వాత ఉంది. ఆరోహణ మొదలుపెట్టకండి, తారషడ్జం నుంచి దిగండి: స ని ద ప మ గ. ఊకారంతో, పక్కన పడుకున్న పసిబిడ్డ లేవనంత మెల్లగా. పంచమం దగ్గర నిండుగొంతులోకి దూకాలనిపిస్తుంది. దూకకుండా ఆ సన్నదనాన్నే గాంధారం దాకా తీసుకురండి. గాలి కలిసి వస్తుంటే ‘రంగు’ అనే మాటలో సున్నా దగ్గర ఆగి, ఆ శబ్దం మీదే దిగండి. దిగడం నిలకడగా వచ్చాకే ఎక్కడం. ఎక్కేటప్పుడు గాంధారం నుంచే శబ్దం తగ్గించుకుంటూ రావాలి, ధైవతం దగ్గర తగ్గిస్తే ఆలస్యమైనట్టే. ఊకారం కుదిరాక ఓకారం, ఆఖరున ఆకారం. మనలో చాలామంది తొలిరోజు నుంచే ఆకారం పట్టిస్తారు. విరుపున్న గొంతుకు ఆ వరుస నాకు నచ్చదు, నోరు బాగా తెరవగానే దళసరి గొంతు మళ్లీ పైకి వచ్చేస్తుంది.

మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు ఒకటో కాలంలో, అంటే నిదానంగా పాడండి. ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పలికే జంట వరుసలు కొన్నాళ్లు ఆపండి. జంటలో రెండో స్వరాన్ని నొక్కాలి కదా, ఆ నొక్కే ఇక్కడ చేటు. గడ్డం పైకి లేస్తోందేమో అద్దంలో చూసుకోండి. పూటకు పదిహేను నిమిషాలు మించవద్దు, నొప్పి అనిపిస్తే వెంటనే ఆపేయండి. వారాల్లో కాదు, నెలల్లో కుదిరే పని ఇది.

ప్రశ్న: మగవాణ్ని, ఒకటో శ్రుతి. తార గాంధారం దాటితే దొంగ గొంతే (ఫాల్సెట్టో) వస్తోంది.
– ఒక విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: ఒకటో శ్రుతిలో తార గాంధార మధ్యమాలు 330, 349 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ఎక్కువమంది మగవాళ్లకు మార్పు వచ్చేదీ ఆ ప్రాంతంలోనే. దొంగ గొంతులో తంత్రులు పూర్తిగా కలవవు, అందుకే గాలి వినిపిస్తుంది. దాన్ని తరిమేయకండి, దానితోనే మొదలుపెట్టండి. తార రిషభాన్ని దొంగ గొంతుతో మెల్లగా పట్టి, ఎనిమిది అక్షరాల (తాళం లెక్కల) కాలంలో కొంచెం కొంచెంగా నింపి, అంతే నెమ్మదిగా మళ్లీ సన్నం చేయండి. మధ్యలో కీచుమంటే నింపడంలో తొందరపడ్డట్టు. రిషభం కుదిరాక గాంధారం. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి రికార్డింగులు పెట్టుకుని, తారస్థాయిని ఆయన ఎంత తేలిగ్గా అందుకుంటారో గమనించండి. గొంతు మారే వయసు ఇంకా దాటకపోతే మాత్రం పైస్వరాల జోలికి వెళ్లవద్దు, శ్రుతి తగ్గించుకోండి.

ప్రశ్న: మిర్చి యార్డు దగ్గర ఇల్లు. సీజన్లో దగ్గు, గొంతు బొంగురు. సాధకం చేయవచ్చా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దగ్గు ఉన్నన్నాళ్లూ పాట వద్దు, స్ట్రా సాధకం ఒక్కటి మెల్లగా చేసుకోవచ్చు. ఘాటుకు గొంతు సవరించుకోవడం అలవాటైపోతుంది, అది తంత్రులను ఒకదానికొకటి కొట్టినట్టే. దానికి బదులు రెండు గుక్కలు నీళ్లు తాగండి. రాత్రి కారంగా తిని వెంటనే పడుకుంటే పులితేన్పులు గొంతు దాకా వచ్చి తంత్రులు వాస్తాయి, తిండికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచండి. బొంగురు మూడు వారాలు దాటితే చిట్కాలు కట్టిపెట్టి, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గర లారింగోస్కోపీ (స్వరపేటికను చూసే పరీక్ష) చేయించుకోండి.