సీఏ పెన్‌డ్రైవ్ లెక్చర్లు సెకండ్ హ్యాండ్‌లో అమ్మొచ్చా? నేను అమ్మాను, ఏమైందంటే…

మీరు సీఏ ఇంటర్ మానేసి ఉద్యోగంలో చేరారు, కోచింగ్ వాళ్ల దగ్గర పెన్‌డ్రైవ్‌లో కొన్న వీడియో లెక్చర్లు సగం కూడా చూడలేదు, పుస్తకాలతో కలిపి ఓఎల్ఎక్స్‌లో పెడితే చట్టపరంగా ఇబ్బందా అని అడిగారు. పుస్తకాలు నిక్షేపంగా అమ్ముకోండి. పెన్‌డ్రైవ్ మాత్రం కోచింగ్ వాళ్లను అడక్కుండా ఎవరికీ ఇవ్వకండి. నేను ఇచ్చి చేతులు కాల్చుకున్నాను.

2023 జులైలో సీఏలో నా రెండో గ్రూప్ పేపర్లు పాసయ్యాయి. బెంగళూరు మారతహళ్లిలో పీజీ హాస్టల్లో నా మంచం కింద అట్టపెట్టె నిండా మెటీరియల్. పన్నెండు వేలు పోసి కొన్న ట్యాక్స్ లెక్చర్లకు ఇంకా నాలుగు నెలల వాలిడిటీ, బోలెడు వ్యూస్ (వీడియో ఎన్నిసార్లు చూడొచ్చో ఆ లెక్క) మిగిలాయి. పుస్తకాలు తొమ్మిది వందలు, పెన్‌డ్రైవ్ నాలుగు వేలు అని పెట్టానో లేదో ఫోన్ వచ్చింది. అనంతపురం అమ్మాయి, విజయనగర్‌లో ఉంటోంది. పాత స్కీమ్‌కు (సిలబస్‌కు) నవంబరే ఆఖరి అటెంప్ట్ కావడంతో బాగా టెన్షన్‌లో ఉంది. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర సంచి ఇచ్చి డబ్బు తీసుకున్నాను.

రాత్రి తొమ్మిదింటికి, "అన్నా, ఇది కీ అడుగుతోంది" అంది. వీడియోలు తెరుచుకోవడానికి నా పేరు మీద ఇచ్చిన కోడ్ అది. చెప్పాను. 'ఈ కీ వేరే సిస్టమ్‌లో రిజిస్టర్ అయింది' అని వచ్చింది. అప్పుడు నా తెలివి చూడండి. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి, లాప్‌టాప్ మార్చానని చెప్పాను. మన స్క్రీన్ అటువైపు నుంచి చూడటానికి ఎనీడెస్క్ యాప్ కోడ్ చెప్పమన్నారు. ఆ అమ్మాయిని కాన్ఫరెన్స్‌లో పెట్టి చెప్పించాను. అటువైపు వాళ్లకు స్క్రీన్ మీద మొదట కనబడింది ఆమె పేరు, ఆమె ఫొటో! "సార్, ఈ మేడమ్ ఎవరు?" అన్నాడు ఆ కుర్రాడు, పాపం మర్యాదగానే. మర్నాడు మెయిల్ వచ్చింది: లైసెన్స్ బదిలీ చెల్లదు, అకౌంట్ రద్దు. పెన్‌డ్రైవ్ వెనక్కి తీసుకుని నాలుగు వేలూ తిరిగిచ్చేశాను. పుస్తకాలు ఆమె ఉంచుకుంది, వాటి గురించి ఎవరూ ఒక్క మాటా అనలేదు.

ఒకే సంచిలో వెళ్లిన రెండింటికీ ఈ తేడా ఎందుకో తర్వాత చదివి తెలుసుకున్నాను. 1957 నాటి కాపీరైట్ చట్టం 14వ సెక్షన్ ప్రకారం పుస్తకం ప్రతులను జనంలోకి విడుదల చేసే హక్కు హక్కుదారుదే, కానీ అప్పటికే చలామణిలో ఉన్న ప్రతులు దాని కిందకు రావు. ఒకసారి అమ్మేసిన పుస్తకం మీద పబ్లిషర్‌కు మళ్లీ పెత్తనం లేదు. అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల షాపులు నడుస్తున్నది అందుకే. జిరాక్స్ తీసి స్పైరల్ వేయించినవి అమ్మితే మాత్రం తప్పే, అవి మీరు పుట్టించిన కొత్త కాపీలు.

వీడియో రికార్డింగ్ చట్టం లెక్కలో సినిమా కిందకే వస్తుంది. కాపీని అమ్మే, వ్యాపారంగా అద్దెకిచ్చే హక్కు హక్కుదారుదే. 'ఆ కాపీ ఇదివరకే అమ్ముడుపోయినా సరే' అనే అర్థం వచ్చే మాటలు అంతకుముందు అందులో ఉండేవి, 2012 సవరణలో తీసేశారు. కాబట్టి ఒరిజినల్ డీవీడీ మళ్లీ అమ్ముకున్నవాడు గట్టిగానే వాదించుకోవచ్చు. మన పెన్‌డ్రైవ్ కథ అది కాదు. మనది అనుకోవడానికి ఉన్నది ఆ ప్లాస్టిక్ ముక్క ఒక్కటే. లోపలి ఫైళ్లకు తాళం, ఆ తాళంచెవి మన పేరు మీద ఇచ్చిన అనుమతి. 'ఐ అగ్రీ' అని నొక్కినప్పుడు ఒప్పుకున్నది అదే. నేను చదవకుండా నొక్కాను, మీరూ అంతే అయ్యుంటారు.

మా రూమ్మేట్ ఇంకో సలహా కూడా ఇచ్చాడు: స్క్రీన్ రికార్డ్ చేసి టెలిగ్రామ్‌లో మనిషికి ఐదు వందలకు అమ్మేద్దామని. ప్లేయర్‌లో ప్రతి వీడియో మీదా నా ఫోన్ నంబర్ లేతరంగులో ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకుతూ ఉంటుంది. దొంగతనం చేసి విజిటింగ్ కార్డు వదిలి వచ్చినట్టే! ఇక్కడ కథ ఒప్పందం దాటి నేరంలోకి వెళ్తుంది. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల జరిమానా. ఇది బెయిల్ హక్కుగా దొరకని నేరమని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కాపీ కొట్టడానికని తాళం పగలగొడితే 65ఏ కింద రెండేళ్ల దాకా వేరే ఉంది.

మీరైతే ముందు కోచింగ్ వాళ్లకు మెయిల్ పెట్టండి, చూడని లెక్చర్లు వేరేవాళ్ల పేరుకు మారుస్తారా అని. ఫీజు తీసుకుని మార్చే వాళ్లున్నారు. మారుస్తామంటే రాతపూర్వకంగా తీసుకున్నాకే బేరం మాట్లాడండి. కాదంటే ఆ డబ్బు పోయిందనుకోవడమే, లాగిన్ పాస్‌వర్డ్ చేతిలో పెట్టే దొడ్డిదారి వద్దు.

పుస్తకాలు మాత్రం తొందరగా వదిలించుకోండి. మిగిలినవి నేను 2024లో అవెన్యూ రోడ్డుకు మోసుకెళ్తే షాపాయన అట్ట చూసి, "కొత్త స్కీమ్ ఉంటే తెండి సార్, ఇవి తూకానికే" అన్నాడు. అప్పటికి మే నుంచి కొత్త స్కీమ్ పరీక్షలు మొదలయ్యాయి. ట్యాక్స్ పుస్తకమైతే ఏ అటెంప్ట్‌కు పనికొస్తుందో యాడ్‌లోనే రాసేయండి, సగం ఫోన్లు తగ్గుతాయి.