ఏడో తరగతి పిల్లలకు కథలోని అంశాలు ఎలా బోధపడతాయి?

మీ అమ్మాయి కథంతా చక్కగా చెబుతుందని, అయితే పాత్రచిత్రణ, నేపథ్యం, సంఘర్షణ, దృష్టికోణం, ఇతివృత్తం అని విడివిడిగా అడిగితే మాత్రం నిర్వచనాలు అప్పజెప్పి ఊరుకుంటుందని రాశారు. విశాఖపట్నంలో మా వీధి పిల్లల చేత కొన్నేళ్లుగా సాయంత్రాలు కథలు చదివిస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఈ అంశాలను వరసపెట్టి నేర్పడం కంటే, కథలో ఒక్క కీలకమైన వాక్యాన్ని పట్టుకుని, దానికి బలం ఎక్కడి నుంచి వచ్చిందో పిల్లల చేతనే వెతికించడం మేలు.

ఇందుకోసం నేను చిన్న కథ ఒకటి అల్లుకున్నాను. జూన్ మొదటి వారం. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలన్నీ కట్టేసి ఉన్నాయి. పడవ మీద కళాసీగా పనిచేసే తండ్రి, ఎప్పుడో మాట ఇచ్చినందుకు, కొడుకును పాత సైకిళ్ల దుకాణానికి తీసుకువెళతాడు. ధర విన్నాక ఆయన చెయ్యి చొక్కా జేబు దాకా వెళ్లి అక్కడే ఆగిపోతుంది. అప్పుడు కుర్రవాడు, "ఈ సైకిల్ నాకు ఎత్తయిపోయింది నాన్నా, పోదాం పద" అంటాడు. కథ అంతే.

సైకిల్ నిజంగా ఎత్తుగా ఉందా అని అడిగితే పిల్లలు ముందు అవునంటారు, తరువాత ఒకరిద్దరు తండ్రి జేబును గుర్తు చేస్తారు. "కుర్రవాడు మంచివాడు" అని ఎవరైనా అంటే, ఆ మాట కథలో ఎక్కడుందో చూపించమంటాను. ఎక్కడా ఉండదు. అతడు ఆడిన అబద్ధం నుంచే ఆ మంచితనం మనకు తెలిసిందని వాళ్లే గ్రహిస్తారు. పాత్రచిత్రణ గురించి అంతకు మించి చెప్పవలసినది లేదు.

నేపథ్యం దగ్గర మాత్రం తొందరపడకండి. అది ఊరి పేరు, కాలం రాసి వదిలేసే ఖాళీ కాదు. తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరపడవల వేటను నిషేధిస్తారు. ఆ రోజుల్లో కళాసీ ఇంటికి వేట రాబడి ఉండదు. ఇదే కథను ఆగస్టుకు మార్చి చదవమనండి. వేట సాగుతున్న రోజుల్లో తండ్రి చెయ్యి జేబు దగ్గర ఆగవలసిన పని ఉండకపోవచ్చు, అప్పుడు కుర్రవాడి మాట ఉత్త ఫిర్యాదుగా మిగులుతుంది. నెల మార్చితే సంఘర్షణ కూడా కరిగిపోయిందని గమనించిన పిల్లలకు ఆ రెండింటి సంబంధం మళ్లీ వివరించనక్కరలేదు. సంఘర్షణ అంటే ఇద్దరి మధ్య తగాదా అనే అపోహ కూడా ఇక్కడే తొలగుతుంది, ఎందుకంటే ఈ కథలో ఎవరూ గొంతు పెంచరు, సైకిల్ కావాలన్న కోరికకూ నాన్న చిన్నబోకూడదన్న ఆరాటానికీ మధ్య పెనుగులాట అంతా కుర్రవాడి లోపలే జరుగుతుంది.

దృష్టికోణానికి, అంటే కథను ఎవరి కళ్లతో చూస్తున్నామన్న దానికి, కథను మరో పాత్ర చెబుతున్నట్టు తిరగరాయించడమే సరైన మార్గం. దుకాణదారు చెబితే, ఎవరో కుర్రవాడికి సైకిల్ నచ్చలేదన్నంత వరకే ఆయనకు తెలుస్తుంది. కొడుకు అబద్ధమాడాడని తండ్రికి తెలిసిందా లేదా అన్న దాని మీద మా పిల్లలు చాలాసేపు వాదించుకున్నారు. ఆ వాదన నాకెంతో విలువైనదిగా తోచింది.

ఇక ఇతివృత్తం, అంటే కథ మొత్తం మీద చెప్పదలచిన విషయం. "పేదరికం" అని ఒక్క మాటతో సరిపెడితే ఒప్పుకోకండి. పేదరికం గురించి ఈ కథ ఏమంటున్నదో పూర్తి వాక్యంగా రాయమనండి. ఒక అమ్మాయి, "ఇంట్లో డబ్బు లేదని ఎవరూ చెప్పకపోయినా పిల్లలకు తెలిసిపోతుంది" అని రాసింది. నేను ఆశించినది అది కాదు, అయినా కథలో దానికి ఆధారం ఉంది కనుక అది సరైన జవాబే.

మీ అమ్మాయి పాఠ్యపుస్తకంలో తనకు నచ్చిన కథతోనే మొదలుపెట్టండి. వాక్యాన్ని మీరు ఎంచి ఇవ్వకుండా తననే ఎంచుకోనివ్వండి. తిరగరాసేటప్పుడు అక్షరదోషాలు దిద్దకండి.