డబ్బు పెట్టకుండా బ్రౌజర్‌లో ఆడే ఆటల్లో ఆడదగ్గవి ఉన్నాయా?

బ్రౌజర్‌లో ఉచితంగా ఆడే ఆటలన్నీ చివరికి డబ్బు అడిగేవేనా, వాటిలో సమయం వెచ్చించదగ్గవి ఏమైనా ఉన్నాయా అని మీరు అడిగారు. తప్పకుండా ఉన్నాయి. అయితే ఆటను ఎంచుకునేటప్పుడు చాలామంది బొమ్మలు ఎలా ఉన్నాయి, ఎంతమంది ఆడుతున్నారు అని చూస్తారు. నేను చూసేది ఒక్కటే. ట్యాబ్ మూసేశాక ఆట ఆగుతుందా, లేక నేను లేని సమయంలో కూడా నడుస్తూ నాకు నష్టం తెచ్చిపెడుతుందా? మొదటి రకం ఏదైనా నిశ్చింతగా ఆడవచ్చు. రెండో రకం ఎంత గొప్పగా ఉన్నా ఉచితం కాదు. ఏళ్ల తరబడి ఈ ఆటలు ఆడుతున్న నాకు ఇంతవరకు దీనికి మినహాయింపు కనబడలేదు.

2002లో ఓగేమ్, 2004లో ట్రావియన్ వచ్చిన తరువాత, రాజ్యాలు కట్టి సైన్యాలు పెంచే ఆటలు బ్రౌజర్లలోకి వెల్లువలా వచ్చాయి. వీటిలో ఆట గడియారం, మన గడియారం ఒక్కటే: సైన్యం శత్రువు ఊరికి చేరడానికి ఆరు గంటలు పడుతుందంటే నిజంగానే ఆరు గంటలు పడుతుంది. ఆ కోవకు చెందిన ఒక ఆటలో, పేరు ఇక్కడ అనవసరం, మా కూటమి సభ్యుడొకరి ఊళ్ల మీదికి ఒక సాయంత్రం వరుసగా దాడులు బయలుదేరాయి. దాడి ఏ క్షణాన చేరుతుందో మాత్రమే తెరమీద కనబడుతుంది, అందులో ఏ దళాలున్నాయో కనబడదు. కాని సైన్యం ఎప్పుడూ తనలోని అతి నెమ్మదైన దళం వేగంతోనే నడుస్తుంది కనుక, దూరాన్ని ప్రయాణ సమయంతో భాగిస్తే వచ్చే వేగాన్ని బట్టి, బాగా నెమ్మదిగా కదిలే రాళ్లు రువ్వే యంత్రాలు వెంట ఉన్నాయో లేదో బయటపడుతుంది. ఈ లెక్క ఎదుటివాళ్లకూ తెలుసు. అందుకే ఉత్తుత్తి దాడుల్లో సైతం తలా ఒక యంత్రాన్ని చేర్చి, అన్నీ ఒకే వేగంతో కదిలేలా పంపారు.

అసలు దెబ్బ రాజధానికేనని మేము తేల్చుకోవడానికి కారణం అక్కడికి వస్తున్న దాడుల వరుస. ముందొక పెద్ద సైన్యం, రెండు సెకన్ల తరువాత దాని వెనుకనే మరికొన్ని దాడులు. ముందు వచ్చేది కాపలాను తుడిచిపెడుతుంది, వెనుక వచ్చే యంత్రాలు భవనాలను కూలుస్తాయి. కాబట్టి మొదటి దెబ్బ పడేటప్పటికి ఊరు ఖాళీగా ఉండాలి, రెండోది పడేటప్పటికి నిండుగా ఉండాలి. ఆ రెండింటి నడుమ ఉన్న ఒక్క సెకనులో మా అందరి సైన్యాలూ అక్కడికి చేరాలి. ఎవరి ఊరు ఎంత దూరంలో ఉందో లెక్కకట్టి ఎవరు ఏ సెకనుకు పంపాలో పట్టిక వేసుకున్నాం. ఒకరికి తెల్లవారుజాము, మరొకరికి ఆఫీసు వేళ. సొంత గడియారాన్ని నమ్మకుండా సర్వర్ గడియారాన్నే చూస్తూ, సెకనులో కొంత భాగం నెట్ ఆలస్యానికి పోతుందని ముందే తగ్గించుకుని నొక్కాం. మొదటి సైన్యం ఖాళీ ఊరిని కొట్టి వెనుదిరిగింది, వెనుక వచ్చిన యంత్రాల్లో ఒక్కటీ మిగల్లేదు. డబ్బు పోసి కొనుక్కున్న ఏ ఆటా నాకు అంతటి ఆనందం ఇవ్వలేదు.

మరునాటికి అవే యంత్రాలు, అంతే సంఖ్యలో, అదే ఊరి మీదికి మళ్లీ బయలుదేరాయి. మామూలుగా అన్ని తయారు చేయాలంటే వారాలు పట్టాలి. ఎదుటి కూటమి నాయకుడు అసలు డబ్బుతో ఆటలోని బంగారు నాణేలు కొని ఆ నిరీక్షణను ఒక్క నొక్కుతో ముగించాడు. మా పట్టికకు, మా నిద్రకు, మా లెక్కకు అక్కడ విలువ లేకుండా పోయింది. ఆట నడిపేవాళ్లకు సర్వర్ల ఖర్చు ఉంటుందని నాకు తెలుసు, రంగురంగుల జెండాలో వేషాలో అమ్ముకుంటే నాకే అభ్యంతరమూ లేదు. కాని నిరీక్షణను వాళ్లే సృష్టించి, దాని నుంచి విముక్తిని వాళ్లే అమ్మడం వ్యాపారమే తప్ప ఆట కాదు.

చిన్న ఆటలను పోగుచేసి పెట్టే సైట్లది మరో తలనొప్పి. ఆట మొదలుకాక ముందు ఒక వీడియో ప్రకటన, ఓడిపోతే బతికిస్తామంటూ ఇంకొకటి, దాన్ని మూసే గుర్తు మాత్రం వేలికి అందనంత చిన్నదిగా మూలన. పైగా ఏ ఆట పేరు కొట్టినా దాని నకళ్లు పది ముందుకొస్తాయి.

ఇక ఆడదగ్గవాటి సంగతి. చదరంగం వచ్చినవాళ్లు లీచెస్ వదిలి మరెక్కడికీ వెళ్లనక్కర్లేదు. తిబో దుప్లెసి 2010లో మొదలుపెట్టిన ఈ సైట్ విరాళాల మీదే నడుస్తోంది. ప్రకటనలు లేవు, డబ్బు కడితేనే తెరుచుకునే గదులూ లేవు. పోటీ వద్దనుకుంటే, అంకెల పలకలను జరుపుతూ ఒకే అంకె ఉన్నవాటిని కలిపే 2048 ఉంది. 2014 మార్చిలో గాబ్రియేలె చిరుల్లి అనే పందొమ్మిదేళ్ల కుర్రవాడు ఒక వారాంతంలో రాసి, కోడ్‌తో సహా అందరికీ ఇచ్చేసిన ఆట అది. సగంలో వదిలేసి వెళ్లినా పలకలు ఎక్కడివక్కడే ఉంటాయి. రోజుకొక్క పదాన్ని కనిపెట్టమని, దానితోనే సరిపెట్టే వర్డిల్ కూడా మంచిదే, ఇంగ్లీషు పదాలతో మీకు ఇబ్బంది లేకపోతే. దానిలో నాకు నచ్చనిది వరుసగా ఎన్ని రోజులు గెలిచామో చూపే అంకె ఒక్కటే. రోజుకొకటి చాలని చెప్పిన ఆటే, ఒక్క రోజు మానేస్తే ఆ అంకెను సున్నాకు దించేస్తుంది. కుకీ బొమ్మను నొక్కుతూ కుకీలు పోగుచేసే 2013 నాటి ఆట కుకీ క్లికర్, ట్యాబ్ తెరిచి ఉన్నంతసేపూ తనంతట తాను నడుస్తూనే ఉంటుంది, కాని మీరు లేనప్పుడు మీ దగ్గరున్నది దోచుకుపోయేవాడెవడూ అందులో ఉండడు. నా దృష్టిలో అది మొదటి రకమే.

ఒకప్పుడు బ్రౌజర్ ఆటలను నడిపిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన పాత ఆటల కోసం వెతికేవాళ్లు నిరాశపడనక్కర్లేదు. ఫ్లాష్ యజమాని అడోబీ సంస్థ 2020 డిసెంబర్ 31తో దానికి మద్దతు ఆపేసి, 2021 జనవరి 12 నుంచి అది నడవకుండా అడ్డుకట్ట వేసినా, ఫ్లాష్ చేసే పనిని దాని బదులు చేసిపెట్టే రఫుల్ అనే ఎమ్యులేటర్ పుణ్యమా అని వాటిలో చాలావరకు ఇప్పటి బ్రౌజర్లలోనూ తెరుచుకుంటున్నాయి.

ఇలాంటి ఒంటరి ఆటల్లో మీరు సాధించింది సాధారణంగా మీ బ్రౌజర్‌లోనే దాచబడుతుంది, సర్వర్‌లో కాదు. సైట్ డేటా తుడిచేస్తే అది కూడా పోతుంది. సఫారీ అయితే 2020 నుంచి, బ్రౌజర్ వాడుతున్న రోజుల్లో ఏడు రోజులపాటు ఆ సైట్‌ను ముట్టుకోకపోతే తనంతట తానే తీసేస్తుంది. కుకీ క్లికర్‌లో ఆప్షన్స్ కింద ఎక్స్‌పోర్ట్ సేవ్ నొక్కితే అక్షరాల దండ ఒకటి వస్తుంది. దాన్ని కాపీ చేసి ఎక్కడైనా భద్రపరచుకుంటే మరో కంప్యూటర్‌లో అతికించి, ఆపిన చోటి నుంచే ఆడుకోవచ్చు.